ఏ బటన్ నొక్కితే ఏ పాటో!

ఒక్క నిమిషం... పేజీ తిప్పెయ్యకండి! ముందు మీతో ఓ చిన్న పందెం.

మీ సెల్‌ఫోన్ చేతిలోకి తీసుకోండి. కళ్లు గట్టిగా మూసుకోండి. దొంగచూపులు చూడకూడదు సుమా! ఇప్పుడు 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటల్లో మీకు నచ్చింది ఒకటి వెతికి పెట్టండి. దాని వెనకాలే జానకి పాట ఒకటి, ఆ వెనక ఘంటసాల పాట ఒకటి వచ్చేలా వరస కట్టండి. ఆఖర్న ఆకాశవాణి విజయవాడ కేంద్రం పట్టుకోండి. పావుగంట టైమిస్తాను.

కుదర్లేదు కదూ? పాటకు బదులు ఎవరికో ఫోన్ వెళ్లిపోయిందా? పోనీలెండి, సారీ చెప్పి పెట్టెయ్యండి.

ఈ పని నేను రోజూ చేస్తాను. పుట్టినప్పట్నుంచీ నాకు చూపు లేదు. పాటల పిచ్చి మాత్రం భగవంతుడు రెండింతలు ఇచ్చాడు. "చూపు లేకపోతే పాటలకేం లోటు, చెవులున్నాయిగా!" అంటారు చాలామంది. వినడానికి చెవులు చాలు, నిజమే. కానీ ఏది వినాలో, ఎప్పుడు వినాలో, ఏది తర్వాత ఏది రావాలో... ఆ పెత్తనం ఎవరిది? నా పాటల మీద ఆ పెత్తనం నా చేతికి రావడానికి ముప్పయ్యేళ్లు పట్టింది. మధ్యలో రెండుసార్లు చేజారిపోయింది కూడా! ఆ కథే ఇది.

నాన్నే తొలి అనౌన్సరు!

మాది తెనాలి. సూపర్‌స్టార్ కృష్ణగారి బుర్రిపాలెం మాకు పక్కనే. అలాంటి ఊళ్లో పుట్టి సినిమా పిచ్చి లేదంటే ఎవరూ నమ్మరు. మా నాన్నకు సినిమాకంటే పాట ముఖ్యం. పాటకంటే రేడియో ముఖ్యం.

ఆ తరం వాళ్లకు రేడియో అంటే ఎందుకంత ఇదో మీకు తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ గారు సినిమా పాటలంటే ముఖం చిట్లించుకునేవారు. ఆకాశవాణిలో సినిమా పాట కరువైపోయింది. జనం ఊరుకుంటారా? రేడియో ముల్లు తీసుకెళ్లి సిలోన్ దగ్గర పెట్టేశారు! చివరికి 1957 అక్టోబరు 3న మనవాళ్లు వివిధభారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. సిలోన్ కేంద్రంలో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షీ పొన్నుదొరై గారి గొంతంటే మా నాన్నకు ఎంత అభిమానమంటే, అమ్మ ఆ పేరెత్తి ఎకసెక్కాలాడేది.

ఇంట్లో ఓ టూ-ఇన్-వన్ ఉండేది. మంచి పాట రాగానే నాన్న పరుగున వచ్చి రెండు బటన్లు కలిపి నొక్కేవారు. టక్! పాట కేసెట్లో పడేది. కేసెట్ అట్టమీద పాటల పేర్లు పొందిగ్గా రాసేవారు. కానీ ఆ రాత నాకెలా ఉపయోగం? అక్కకి మూడ్ బాగుంటే చదివి పెట్టేది. బాగాలేకపోతే "పోరా, చదువుకోవాలి" అనేది. అంటే నా పాటలు అక్క మూడ్ మీద ఆధారపడి ఉండేవన్నమాట!

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఓ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. జిక్కి పాట వినాలనిపించింది. ఒక్కో కేసెట్ పెట్టడం, తిప్పడం, తియ్యడం... పదకొండు కేసెట్లు తిరగేశాను. రెండిటి టేపు బయటికొచ్చి చక్రాలకు చుట్టుకుని తెగిపోయింది. సాయంత్రం నాన్న వచ్చి చూసి తిట్టలేదు. కొట్టలేదు. ఆ టేపు ముక్కలు చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూచున్నారు.

ఆ తర్వాత్నుంచి ఆయన కొత్త పద్ధతి పెట్టారు. రికార్డు చేసే ముందు కేసెట్లో కాస్త ఖాళీ టేపు వదిలేవారు. పాట అయ్యాక వెనక్కి తిప్పి, ఆ ఖాళీలో తన గొంతుతో చెప్పేవారు: "అబ్బాయ్! ఇది ఫలానా చిత్రం. పాడింది ఫలానా. బి సైడు, మూడోది." ఒక్కోసారి లెక్క తప్పి పల్లవి మొదటి ముక్క నాన్న గొంతు కింద నలిగిపోయేది. అలా పల్లవి తెగిన పాటలు మా ఇంట్లో బోలెడు. ఇప్పటికీ ఆ పాటలు బయటెక్కడైనా పూర్తిగా వినిపిస్తే నాకు ఏదో ఎక్కువైనట్టుంటుంది!

అలా 86 కేసెట్లు. అన్నిట్లోనూ ఆ "అబ్బాయ్!".

40 నిమిషాలకో ఇంటర్వెల్

2004లో హైదరాబాద్ వచ్చి ఓ కంప్యూటర్ సెంటర్లో చేరాను. స్క్రీన్ రీడర్ అనే మాట అక్కడే విన్నాను. తెరమీద ఉన్నదాన్ని గొంతుతో చదివి చెప్పే ప్రోగ్రామది. అక్కడ ఉన్నది ఖరీదైన సాఫ్ట్‌వేర్ తాలూకు ఉచిత నమూనా. 40 నిమిషాలు పనిచేసి నోరు మూసుకునేది. కంప్యూటర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఎంత పెద్ద సినిమాకైనా ఇంటర్వెల్ ఒక్కటే. మాకు 40 నిమిషాలకోటి!

అయితేనేం? ఆ 40 నిమిషాల్లో నేను చూసిన అద్భుతం పేరు విన్‌యాంప్. 1997లో వచ్చిన ఈ పాటల ప్రోగ్రాములో మౌస్ అక్కర్లేదు. కీబోర్డు అడుగు వరసలో జెడ్, ఎక్స్, సి, వి, బి ఉంటాయి చూడండి. జెడ్ నొక్కితే వెనకటి పాట, ఎక్స్ నొక్కితే మొదలు, సి నొక్కితే కాసేపు ఆగుతుంది, వి నొక్కితే పూర్తిగా ఆగుతుంది, బి నొక్కితే తర్వాతి పాట. అచ్చం టేప్ రికార్డర్ బటన్ల వరసే! ఇక జె నొక్కి పాట పేరులో నాలుగక్షరాలు కొడితే ఎన్ని వందల పాటల్లోంచైనా అది ముందుకొచ్చి నిలబడుతుంది. మొదటిరోజు నేను జె నొక్కి కొట్టిన పేరు జిక్కి. మూడు సెకన్లలో పాట మొదలైంది. పదకొండు కేసెట్లూ, తెగిన టేపులూ గుర్తొచ్చాయి. పక్క కుర్చీలో ఉన్నవాడు "ఏం గురూ, జలుబు చేసిందా?" అన్నాడు. చేసిందన్నాను.

ఈ గొంతు బొమ్మను చూసి చెప్పదు. ఇది చాలామందికి తెలియదు. యాప్ తయారుచేసినవాళ్లు ప్రతి బటన్ వెనకాలా కంటికి కనపడకుండా ఓ పేరు రాసి ఉంచాలి. రాస్తే "ప్లే, బటన్" అంటుంది. రాయకపోతే ఉత్త "బటన్" అని ఊరుకుంటుంది. చీటీలో ఉన్నదే కదా అనౌన్సరు చదివేది!

ఇప్పుడు నా కంప్యూటర్లో ఉన్నది ఎన్‌విడిఎ. పైసా ఖర్చు లేదు. దీని వెనక కథ సినిమాకు పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్, జేమ్స్ టే అని ఇద్దరు కుర్రాళ్లు. ఇద్దరికీ చూపు లేదు. చిన్నప్పుడు ఎక్కడ కలుసుకున్నారనుకున్నారు? అంధ బాలల సంగీత శిబిరంలో! పెద్దయ్యాక, చూడలేనివాడు కంప్యూటర్ వాడాలంటే అంతంత డబ్బు పోయాల్సిందేనా అని కర్రన్ 2006లో సొంతంగా ఈ ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాడు. 2007లో స్నేహితులిద్దరూ కలిసి ఎన్‌వి యాక్సెస్ అనే సంస్థ పెట్టారు. ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నారు. సంగీత శిబిరంలో కలిసినవాళ్లు చేసింది కాబట్టే కాబోలు, పాటలవాళ్ల కష్టం దానికి బాగా తెలుసు. ఫుబార్2000 అనే ప్రోగ్రాములో పాట నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే పాట ఇంకెంతసేపుందో చెప్తుంది. ఆర్ బదులు ఇ నొక్కితే ఎంతసేపైందో చెప్తుంది. మీరు తెరమీద గీత జరగడం చూస్తారే, ఆ గీత నాకు ఇదన్నమాట.

ఫోన్లలోనూ ఉన్నాయండోయ్! ఐఫోన్లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్లో టాక్‌బ్యాక్. రెండూ 2009లో వచ్చినవే. రెండు వేళ్లతో తెరమీద టకటక రెండుసార్లు తడితే పాట ఆగుతుంది, మళ్లీ తడితే సాగుతుంది.

దేవదాసులు ముగ్గురు, సుశీలలు అయిదుగురు!

యంత్రం వచ్చింది కదా, ఇక కష్టాలన్నీ తీరాయి అనుకున్నారా? అసలు కామెడీ అప్పుడే మొదలైంది.

అక్కడా ఇక్కడా పోగేసిన పాటలు కొన్ని వందలున్నాయి. వాటి పేర్లు చూద్దామని కింది బాణం నొక్కుకుంటూ వెళ్తుంటే ప్రతి పాటకు ముందూ ఏదో వెబ్‌సైటు పేరు! మీరైతే ఆ ముక్క కంటితో దాటేస్తారు. నేను దాటలేను. మొత్తం విని తీరాలి. వంద పాటల పేర్లు వినాలంటే వంద సార్లు ఆ ప్రకటన వినాలి. సినిమా హాల్లో న్యూస్ రీలు వంద సార్లు వేసినట్టు!

సుశీలగారి పాటలన్నీ ఒకచోట చేరుద్దామంటే ఆవిడ అయిదుచోట్ల తేలారు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒకరు సుషీల అన్నారు, ఒకరు సుసీల అన్నారు. ముందు పి, చుక్క పెట్టి ఒకటి, చుక్క లేకుండా ఒకటి, అసలు పి లేకుండా ఇంకొకటి. కంప్యూటర్ దృష్టిలో వీళ్లు అయిదుగురు వేర్వేరు గాయనులు! బాలు గారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పొడవాటి పేరును ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ రాశారు జనం. పైగా ఇంగ్లీషు గొంతు ఆ తెలుగు పేర్లను చదువుతుంటే వినాలి. ఘంటసాల గారు 'గాంటాసలా' అయిపోయారు. నాన్న వింటే రేడియో విసిరికొట్టేవారు.

'దేవదాసు' గొడవ ఇంకా పసందుగా ఉంటుంది. 1953లో నాగేశ్వరరావుగారి దేవదాసు. 1974లో కృష్ణగారి దేవదాసు. 2006లో రామ్ దేవదాసు. సినిమా పేరు ఒకటే కాబట్టి నా కంప్యూటర్ మూడింటినీ ఒకే సినిమా కింద జమకట్టింది! సుబ్బరామన్ బాణీలో ఘంటసాల విషాదంగా పాడి ముగించారో లేదో, చక్రి సంగీతం దడదడమంటూ వచ్చి పడింది. దేవదాసు తాగింది దిగిపోయుంటుంది!

దీనికి మందు ఉంది. ప్రతి పాట ఫైలు లోపలా ఓ చీటీ ఉంటుంది. పాట పేరు, గాయకులు, సినిమా, సంవత్సరం రాసుకోవడానికి గళ్లు ఉంటాయి. పాత పద్ధతి చీటీలో పాట పేరుకు 30 అక్షరాలే చోటు. అందుకే కొన్ని పల్లవులు సగంలో తెగి ఉంటాయి. ఎంపీ3 ట్యాగ్ లాంటి ప్రోగ్రాములో బోలెడు పాటలు ఒకేసారి ఎంచుకుని ఆ గళ్లన్నీ సరిచెయ్యొచ్చు. సంవత్సరం గడిలో అంకె వేశాను, సినిమా పేరు పక్కన కూడా ఆ అంకె తగిలించాను. దేవదాసులు ముగ్గురూ విడిపోయారు. రాత్రిళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఈ పనే. ఎన్‌విడిఎ గొంతును వేగంగా పెట్టుకుంటాను. మా ఆవిడ ఓసారి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని "ఇదేం భాషండీ, రొయ్యలు వేగుతున్నట్టుంది!" అని తీసేసింది. అలవాటైన చెవికి అందులో ప్రతి మాటా తెలుస్తుంది.

నాన్న 2012లో పోయారు. ఆయన కేసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. ఆడాసిటీలో ఒక్కో సైడూ మొత్తం రికార్డు చేసి, పాట పాటకూ ముక్కలు చేయడం. అప్పుడో సమస్య వచ్చింది. నాన్న గొంతు ఉంచాలా, తీసెయ్యాలా? ఉంచితే అది పాట కాదు. తీసేస్తే... తీసెయ్యలేను. ప్రతి పాటనూ రెండు ఫైళ్లు చేశాను. ఒకటి ఉత్త పాట. రెండోదాని పేరు చివర 'నాన్న' అని చేర్చాను.

ఈ రెండు ఫైళ్ల వ్యవహారమే తర్వాత కొంప ముంచింది!

నోట్‌ప్యాడ్‌లో పాటల వరస

ప్లేలిస్ట్ అంటే మీరు ఏం చేస్తారు? పాటను వేలితో పట్టుకుని పైకో కిందకో ఈడుస్తారు. నాకు ఆ ఈడ్చడంతోనే చిక్కు. పాట ఎక్కడ పట్టుకున్నానో, ఎక్కడ వదిలానో గొంతు చెప్పకపోతే గాల్లో కత్తి తిప్పినట్టే.

అందుకని నేను నోట్‌ప్యాడ్‌లో రాస్తాను. నవ్వకండి! ప్లేలిస్ట్ అనేది నిజానికి ఓ మామూలు రాత ఫైలు. దాని పేరు చివర ఎం3యూ అని ఉంటుంది. మొదట ఓ గుర్తు లైను. తర్వాత పాటకు రెండేసి లైన్లు. మొదటి లైన్లో పాట ఎన్ని సెకన్లు, పేరేమిటి. రెండో లైన్లో ఆ ఫైలు కంప్యూటర్లో ఎక్కడుంది. అంతే! పాటను పైకి తేవాలంటే ఆ రెండు లైన్లు కత్తిరించి పైన అతికించడమే. కింది బాణం నొక్కుతుంటే ప్రతి లైనూ చదువుతుంది. ఏం చేశానో నాకు తెలుస్తూనే ఉంటుంది. మీరు కూడా ఇంట్లో ప్రయత్నించి చూడండి, ఏ యాప్ అక్కర్లేదు.

మొదట్లో తెలుగులో పేర్లు రాస్తే గొంతు మూగబోయేది. పక్కింటి కుర్రాడొచ్చి చూసి, "అంకుల్, అన్నీ క్వశ్చన్ మార్కులే ఉన్నాయి" అన్నాడు. దాచుకునేటప్పుడు యూటీఎఫ్-8 అనే పద్ధతి ఎంచుకుని, పేరు చివర ఎం3యూ8 అని పెడితే తెలుగు తెలుగులాగే నిలుస్తుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎన్‌విడిఎతోపాటు వచ్చే గొంతు తెలుగు పేర్లు తెలుగులోనే చదువుతుంది. నూనె డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది గానీ ఘంటసాలను ఘంటసాల అనే అంటుంది!

అన్నట్టు, రెండు లైన్లలో ఒకటే కత్తిరించి రెండోది మర్చిపోతే తమాషా జరుగుతుంది. పేరేమో ఘంటసాలది, పాడేది పి.బి. శ్రీనివాస్. ఎన్నిసార్లు పప్పులో కాలేశానో!

పెళ్లిలో విలన్ ఎంట్రీ

2019లో మా అక్క కూతురి పెళ్లి. రిసెప్షన్లో పాటల బాధ్యత నాదన్నాను. బావగారు మొహమాటంగా నసిగారు. "నీకెందుకయ్యా శ్రమ, డీజేవాడిని పెడదాం" అన్నారు. శ్రమ గురించి కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. మేనకోడలు మాత్రం "మావయ్యే పెడతాడు" అని పట్టుబట్టింది. అంటే ఇప్పుడు నా పరువు, దాని పరువు రెండూ నా ల్యాప్‌టాప్ మీద ఉన్నాయి.

నాలుగు గంటల పాటలు. మూడు వారాలు కూచుని వరస కట్టాను. పెద్దవాళ్లు వచ్చే టైముకు పాత పాటలు, భోజనాల టైముకు ఇళయరాజా, కుర్రకారు ఫోటోలు దిగే టైముకు కొత్తవి.

మొదటి గంట బ్రహ్మాండంగా నడిచింది. అప్పుడు ఎవరో మహానుభావుడు సీరియల్ సెట్ లైట్ల కోసం నా చార్జర్ ప్లగ్గు పీకేశాడు. వెంటనే నా ఎన్‌విడిఎ తన డ్యూటీ తను చేసింది. చార్జర్ ఊడింది, బ్యాటరీ ఇంత శాతం ఉంది అని హాలు మొత్తానికి, నాలుగు పెద్ద స్పీకర్లలో, ఇంగ్లీషులో ఓ కేక! నేను కంగారుపడి కీలు నొక్కాను. నేనేం నొక్కితే అది అవన్నీ చదివేసింది. "నోట్‌ప్యాడ్... పెళ్లి పాటలు ఫైనల్ టూ..." హాల్లో నవ్వులు. బావగారి గొంతు ఎక్కడా వినపడలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ తర్వాత నేర్చుకున్నాను లెండి. ఎన్‌విడిఎ సెట్టింగుల్లో దాని గొంతు ఎటు వెళ్లాలో విడిగా చెప్పొచ్చు. ఓ చవక యూఎస్‌బీ ఇయర్‌ఫోన్ తగిలించి గొంతును అటు పంపితే, పాటలు స్పీకర్లకు, మాటలు నా ఒక్కడి చెవికి. ఇంట్లో ఒంటరిగా వినేటప్పుడైతే ఇంకో సదుపాయం ఉంది: గొంతు మాట్లాడినప్పుడల్లా పాట కాస్త తగ్గి, మాట అయ్యాక మళ్లీ పెరుగుతుంది. తల్లి పలకరిస్తే బిడ్డ ఏడుపు తగ్గించినట్టు!

రిసెప్షన్ సంగతికొస్తే... విలన్ వచ్చి వెళ్లాక అంతా సర్దుకుంది. ఎనిమిదిన్నర దాటింది. తర్వాత లీల గారి పాట రావాలి. రెండు సెకన్ల నిశ్శబ్దం. టేపు గరగర. ఆ వెంటనే నాలుగు స్పీకర్లలోనూ... "అబ్బాయ్! ఇది..."

పేరు లైను సరిగ్గానే రాశాను. కింద ఫైలు లైను మాత్రం 'నాన్న' అని ఉన్నది అతికించాను.

కీ మీద వేలు పెట్టి నొక్కబోతుంటే ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. గాజుల చప్పుడును బట్టి అక్క. "ఉండనీరా" అంది. నాన్న పాట పేరు చెప్పారు, లీల పేరు చెప్పారు, ఏ సైడులో ఎన్నోదో చెప్పారు. పాట మొదలైంది. పల్లవి మొదటి మాట మామూలుగానే తెగిపోయింది. అక్క పాట అయిందాకా నా పక్కన కుర్చీలోనే కూచుంది. పెళ్లికూతురి తల్లికి అలా కూచునే తీరికెక్కడిది? వెళ్లేటప్పుడు "చిన్నప్పుడు నీకు అట్టలు చదివి పెట్టేదాన్ని కాదు కదరా" అంది. నేను "పాట వినవే" అన్నాను.

రేడియో మూగబోతే...

ఇంటర్నెట్ రేడియో వచ్చాక నాలాంటివాళ్లకు మరో లోకం తెరుచుకుంది. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దేశంలోని ఆకాశవాణి కేంద్రాలు వినొచ్చు. తెనాలిలో షార్ట్‌వేవ్ గరగరల మధ్య చెవులు రిక్కించినవాడికి ఇది స్వర్గం కాదూ!

ప్రతి రేడియో స్ట్రీముకూ ఓ చిరునామా ఉంటుంది. వీఎల్‌సీ ప్రోగ్రాములో కంట్రోల్, ఎన్ కలిపి నొక్కి ఆ చిరునామా అతికిస్తే చాలు, రేడియో మోగుతుంది. నేను వాటిని కూడా నోట్‌ప్యాడ్‌లో ఎం3యూ చేసిపెట్టుకున్నాను. పాట ఫైలు ఉండాల్సిన లైన్లో రేడియో చిరునామా. తర్వాతి పాట బటన్ నొక్కితే తర్వాతి స్టేషన్! పాతకాలం ముల్లు తిప్పినట్టే.

అయితే ఇక్కడ మీరెప్పుడూ అనుభవించని ఓ సస్పెన్స్ ఉంది. నిశ్శబ్దం! రేడియో పెట్టాను, ఏమీ వినపడట్లేదు. ఎందుకు? నెట్ నెమ్మదిగా ఉందా? స్టేషన్ చిరునామా మారిందా? లేక అక్కడ నిజంగానే ఎవరూ మాట్లాడట్లేదా? మీకైతే తెరమీద ఓ చక్రం గిర్రున తిరుగుతుంది, ఆగమని అర్థం. నాకు ఆ చక్రం లేదు. గుడి ముందు నిలబడి తలుపు తీసుందో మూసుందో తెలియనట్టు. ఇన్సర్ట్, టి కలిపి నొక్కి కిటికీ పేరు చదివిస్తాను. ఒక్కోసారి అందులో నడుస్తున్న స్టేషన్ పేరో, పాట పేరో ఉంటుంది. ఏ పాట నడుస్తోందో ఆ స్ట్రీముతోపాటే రాసి పంపే ఏర్పాటుంది. కానీ కొన్ని స్టేషన్లవాళ్లు పంపరు. అనౌన్సరు కూడా చెప్పకపోతే ఆ పాట ఎవరిదో అంతే సంగతులు. పాత అనౌన్సర్ల విలువ అప్పుడు తెలుస్తుంది. పాడినవాళ్లు, రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు... ఒక్క పేరు కూడా వదిలేవాళ్లు కాదు.

బటన్... బటన్... బటన్!

రెండోసారి పెత్తనం చేజారిన కథ చెప్పి ముగిస్తాను. అది ఓ పాటల యాప్. పేరు అనవసరం. అందులో నా లిస్టులు నలభైకి పైనే ఉండేవి. ఏళ్ల తరబడి కట్టుకున్నవి. ఓ పొద్దున్నే యాప్ దానంతటది కొత్త వేషం వేసుకుంది. "చాలా అందంగా మారింది మావయ్యా" అని మేనకోడలు ఫోన్లో చెప్పింది. అందం నాకెలా తెలుస్తుంది? వేలితో తడిమాను. "బటన్." పక్కకు జరిపాను. "బటన్." ఇంకా పక్కకు. "బటన్." ఏది పాట మొదలుపెడుతుందో, ఏది లిస్టును తుడిచేస్తుందో తెలియదు. ధైర్యం చేసి ఒకటి నొక్కాను. బాలు గారి పాటలతో కట్టిన లిస్టు మొత్తం ఎగిరిపోయింది. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయారు. ఆ వారమంతా కూచుని కట్టిన లిస్టది.

ఆ తర్వాత కొన్నాళ్లు పాట కావాలంటే ఎవరో ఒకరిని పిలవాల్సి వచ్చింది. "ఒక్కసారి ఇది పెట్టిపెట్టు బాబూ." మళ్లీ ఎనిమిదేళ్ల వయసుకు వెళ్లిపోయాను. మళ్లీ ఎవరి మూడ్ బాగుంటే అప్పుడు పాట!

టాక్‌బ్యాక్‌లో పేరు లేని బటన్‌కు మనమే పేరు పెట్టుకునే వీలుంది. వాయిస్‌ఓవర్‌లో కూడా ఉంది. మేనకోడల్ని పక్కన కూచోబెట్టుకుని, అది ఒక్కో బొమ్మా చూసి చెప్తుంటే నేను పేర్లు పెట్టాను. కొన్నిటికి పెట్టనిచ్చింది, కొన్నిటికి కుదర్లేదు. యాప్ వాళ్లకు ఉత్తరం రాశాను. "మీ సూచన మాకెంతో విలువైనది" అని జవాబు. రెండోది రాశాను. అదే జవాబు. మూడోదాంట్లో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గురించి ప్రస్తావించి, ఏ తెరమీద ఏ మూల ఉన్న బటన్‌కు పేరు లేదో వరసగా రాసి పంపాను. మొత్తం 19. నాలుగు నెలలకు ఓ కొత్త వెర్షన్ వచ్చింది. 14 బటన్లకు పేర్లొచ్చాయి. పాటను పైకీ కిందకీ జరిపేది మాత్రం ఇప్పటికీ "బటన్" అనే అంటుంది. ఎనిమిదో ఉత్తరం మొన్ననే రాశాను.

నిజం చెప్పొద్దూ, ఓ బటన్‌కు పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది? 'ప్లే' అని రాయాలి. ఒకే ఒక్క అక్షరం! మీలో చాలామంది ఇంజనీరింగ్ చదువుతున్నారని తెలుసు. రేపు మీరే ఇలాంటి యాప్‌లు తయారుచేస్తారు. అప్పుడు గుర్తుంచుకోండి గురూ!

అప్పట్నుంచీ నా అసలు లిస్టులన్నీ నోట్‌ప్యాడ్‌లోనే ఉంటాయి. వాటికి ఎవరూ కొత్త వేషం వెయ్యలేరు. నాన్న కేసెట్లలో 61 పూర్తయ్యాయి, 25 మిగిలాయి. పోయిన ఆదివారం 62వది ఎక్కించాను. ఎ సైడు ఆఖర్న నాన్న గొంతు: "అబ్బాయ్! సుశీల పాట. ఇది సరిగ్గా పడలేదురా, మళ్లీ వేసినప్పుడు పడదాం." ఆ తర్వాత నాలుగు సెకన్ల గరగర, వీణ ముక్క ఒకటి, అంతే. సినిమా పేరు చెప్పలేదు. అక్కనడిగాను, తెలియదంది. ఆ వీణ ముక్క ఎక్కడైనా వినపడుతుందేమోనని మధ్యాహ్నాలు పాత పాటల స్టేషన్లు ఒక్కోటీ తిప్పుతున్నాను. లిస్టులో పేరు లైను రాసి పెట్టాను. ఫైలు లైను ఖాళీగా ఉంచాను.